కోనసీమలో అపార్ట్‌మెంట్ కడుతున్నారా? అడుగుకి ఎంత అని అడిగే ముందు.. కాంక్రీట్ అగ్రిమెంట్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడండి!

అమలాపురం, రాజోలు, కొత్తపేట.. ఎక్కడ అపార్ట్‌మెంట్ మొదలుపెట్టినా కాంట్రాక్టర్‌ని ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. "అడుగుకి ఎంత తీసుకుంటారు?" రేటు కుదిరితే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఒక తెల్లకాగితం మీదో, వంద రూపాయల స్టాంప్ పేపర్ మీదో నాలుగు లైన్లు రాసుకుంటారు. సిమెంట్ ఏ కంపెనీది, ఇనుము ఏ బ్రాండ్‌ది అన్నది కూడా అందులో ఉంటుంది. కానీ కాంక్రీట్‌లో కలిపే నీళ్లు ఎక్కడివి? ఇనుముకీ బయటి గాలికీ మధ్య ఎంత మందం కాంక్రీట్ ఉండాలి? క్యూబులు ఎవరు పోయాలి? ఈ మూడూ చాలా అగ్రిమెంట్లలో కనిపించవు.

మరి కోనసీమ లాంటి చోట బిల్డింగ్ ఎన్నేళ్లు నిలబడుతుందో తేల్చేవి సరిగ్గా ఈ మూడే. ఎలాగో చూద్దాం.

కోనసీమకి వేరే లెక్క ఎందుకు?

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మట్టి మీద ఉన్న ప్రాంతం కోనసీమ. దక్షిణాన సముద్రం. కొంచెం తవ్వితే చాలు, నీళ్లు పడతాయి. చాలాచోట్ల మట్టి జిగట నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. తీరానికి దగ్గరవుతున్న కొద్దీ బోరు నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. గాలిలోనూ ఉప్పే.

కాంక్రీట్‌కి ఉప్పు నేరుగా పెద్ద శత్రువు కాదు. లోపలి ఇనుముకి శత్రువు. మామూలుగా కాంక్రీట్‌లో ఉన్న క్షార గుణం వల్ల ఇనుము చుట్టూ సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని తినేస్తుంది. ఇక అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకి పైగా ఉబ్బుతుంది. లోపల చోటు లేదు కాబట్టి కాంక్రీట్‌ని పగలగొట్టుకుని బయటికొస్తుంది.

బాల్కనీ కింద పెచ్చులూడటం, సన్‌షేడ్ అంచున గోధుమ రంగు మరకలు, పిల్లర్ మీద నిలువునా గీత గీసినట్టు పగులు.. ఇవన్నీ దాని గుర్తులే. వాటి మీద మళ్లీ ప్లాస్టరింగ్ చేసి రంగు వేస్తే చూడటానికి బాగుంటుంది తప్ప లోపలి తుప్పు ఆగదు.

ఒకటి, ఒకటిన్నర, మూడు.. ఇక్కడ సరిపోదు!

ఒక పాలు సిమెంట్, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. మన మేస్త్రీలకి నోటికి వచ్చిన లెక్క ఇది. దీన్ని ఎం20 గ్రేడ్ అంటారు. అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల బలం రావాలన్నమాట.

కానీ కాంక్రీట్ పనులకి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456:2000 ఏం చెబుతోందో చూడండి. వాతావరణాన్ని బట్టి కట్టడాలని అది ఐదు రకాలుగా విడదీసింది. మైల్డ్, మోడరేట్, సివియర్, వెరీ సివియర్, ఎక్స్‌ట్రీమ్. ఇనుము వేసిన కాంక్రీట్‌కి ఎం20 చాలు అన్నది మైల్డ్ రకానికి మాత్రమే. ఆ మైల్డ్ నిర్వచనంలోనే "తీర ప్రాంతంలో ఉన్నవి తప్ప" అని మినహాయింపు ఉంది. అంటే తీర ప్రాంతం కిందకి వచ్చే చోట ఎం20తో అపార్ట్‌మెంట్ స్లాబ్ వేయడం ప్రమాణం ఒప్పుకోని పని.

తీరంలో ఉప్పుగాలి నేరుగా తగలని లోపలి భాగాలు మోడరేట్ కిందకి వస్తాయి. వాటికి కనీసం ఎం25 ఉండాలి. తీర వాతావరణానికి నేరుగా బయటపడే భాగాలు సివియర్. వాటికి కనీసం ఎం30. ఉప్పు, సల్ఫేట్ ఎక్కువున్న భూగర్భ జలంలో పూడ్చే పునాదులైతే వెరీ సివియర్ అవుతాయి. అక్కడ ఎం35 కావాలి. అంతర్వేది వైపు కట్టే బిల్డింగ్‌కీ, రావులపాలెం దగ్గర కట్టే బిల్డింగ్‌కీ ఒకే రకం వర్తించకపోవచ్చు. మీ సైట్ దేని కిందకి వస్తుందో స్ట్రక్చరల్ ఇంజినీర్ డ్రాయింగ్ మీదే రాసి ఇవ్వాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. తట్టలతో, డబ్బాలతో కొలిచి కలిపే పద్ధతి ఎం20 వరకే చెల్లుతుంది. ఎం25 నుంచి మిక్స్ డిజైన్ తప్పనిసరి. మీ సైట్‌కి వచ్చే ఇసుక, కంకర, సిమెంట్ శాంపిళ్లని ల్యాబ్‌కి పంపి, దేన్ని ఎన్ని కిలోలు వేయాలో లెక్క తెప్పించుకోవాలి. తేడాలు వచ్చినా బలం తగ్గకుండా ఆ లెక్కలోనే కొంత ఎక్కువ పెట్టుకుంటారు. ఎం25కి సాధారణంగా 31.6 న్యూటన్లు వచ్చేలా డిజైన్ చేస్తారు.

నీళ్లు.. అసలు కథ ఇక్కడే

కోనసీమలో కట్టుబడి పనులు జోరుగా సాగేది ఎండాకాలంలో. వానలుండవు, కూలీలు దొరుకుతారు. కానీ అదే సమయంలో డెల్టా కాలువలు కట్టేస్తారు. కాలువ నీరు లేదు కాబట్టి బోరు నీళ్లే గతి. ఆ బోరు ఉప్పదైతే? స్లాబ్ పోసిన రోజే ఇనుము పక్కన ఉప్పు పెట్టి మూసేసినట్టే.

ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసిన కాంక్రీట్‌లో కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సల్ఫేట్ 400 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 6 కన్నా తగ్గకూడదు. "తాగి చూశాం, అంత ఉప్పగా లేదండి" అన్నది టెస్ట్ కాదు. ఒక సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి ఇస్తే తేలిపోతుంది. అది కూడా వానాకాలంలో కాదు, మీరు పని చేయించే ఎండాకాలంలో చేయించాలి. బోరు పనికిరాకపోతే మంచి నీళ్ల ట్యాంకర్ ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో ముందే రాసుకోవాలి. లేకపోతే స్లాబ్ రోజు పొద్దున్నే ఆ గొడవ వస్తుంది. చివరికి బోరు మోటారే ఆన్ చేస్తారు.

ఇసుక సంగతీ ఇంతే. నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తీసిన ఇసుకకి ఉప్పు పట్టి ఉంటుంది. 2024 జులై నుంచి ఏపీలో ఉచిత ఇసుక విధానం నడుస్తోంది. ఇసుకకి ఎంత కట్టాం అన్నదొక్కటే చూడకండి, ఏ రేవు నుంచి వచ్చిందో కూడా అడగండి.

ఇక నీళ్ల పరిమాణం. మోడరేట్ రకానికి సిమెంట్ బరువులో నీళ్లు సగం మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకి 25 లీటర్లు. సివియర్ రకానికి 22.5 లీటర్లు. ఇసుకలో ఉన్న తడి కూడా ఈ లెక్కలోనే. కానీ సైట్‌లో ఏం జరుగుతుంది? మాల్ గట్టిగా ఉంది, లాగలేకపోతున్నాం అని ఇంకో బకెట్ పోస్తారు. ఆ బకెట్‌తోనే బలం పోతుంది. అదనపు నీరు ఆవిరైపోయాక మిగిలే సన్నని రంధ్రాల్లోంచే తర్వాత ఉప్పు, తేమ లోపలికి వెళ్తాయి. మాల్ జారుగా కావాలంటే నీళ్లు కాదు, మిక్స్ డిజైన్‌లో చెప్పిన అడ్‌మిక్చర్ వాడాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. 2,000 చదరపు అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం అనుకోండి. బీములు కలపకుండానే సుమారు 23.6 ఘనపు మీటర్ల కాంక్రీట్ కావాలి. ఒక్కో బస్తా చొప్పున మిల్లర్‌లో కలిపితే 150 నుంచి 190 సార్లు తిప్పాలి. అన్నిసార్లూ నీళ్లు ఒకేలా పడాలంటే అంచనాతో పోయడం కుదరదు, కొలత డబ్బా ఉండాల్సిందే.

రెడీమిక్స్ అయితే నిశ్చింతేనా?

పెద్ద అపార్ట్‌మెంట్లకి ఇప్పుడు రెడీమిక్స్ మామూలైపోయింది. ప్లాంట్‌లో బరువు తూచి కలుపుతారు కాబట్టి తట్టల లెక్కకన్నా మేలే. కానీ దానికీ షరతులున్నాయి.

మొదటిది టైమ్. రెడీమిక్స్ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం, లోడ్ చేసిన 2 గంటల్లోపు కాంక్రీట్‌ని దించేయాలి. కోనసీమ రోడ్లు మీకు తెలిసినవే. కాలువ గట్లు, ఇరుకు వంతెనలు, మలుపులు. 6 ఘనపు మీటర్లు నింపిన లారీ పాతిక టన్నుల బరువు దాకా ఉంటుంది. మీ వీధి మొదట్లో ఉన్న కల్వర్టు ఆ బరువు మోస్తుందా, బూమ్ పంపు నిలబడే చోటు ఉందా అన్నది ముందు రోజే చూసుకోవాలి. లారీ గట్టు మీద ఆగిపోయి గంట లేటయితే డ్రమ్‌లో మాల్ బిగుసుకుంటుంది. అప్పుడు చేసే తప్పు పని ఒక్కటే, పైపుతో నీళ్లు కొట్టడం. దీనికి అసలు ఒప్పుకోవద్దు.

రెండోది చీటీ. ప్రతి లారీతో డెలివరీ చీటీ వస్తుంది. గ్రేడ్ ఎంత, ఏ టైమ్‌కి లోడ్ చేశారు, ఎన్ని ఘనపు మీటర్లు అన్నది అందులో ఉంటుంది. వచ్చిన టైమ్, దించడం పూర్తయిన టైమ్ దాని మీదే రాసి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రేపు తేడా వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

ఇనుము మీద ఎంత మందం?

ఇనుము నుంచి బయటి అంచు దాకా ఉండే కాంక్రీట్ మందాన్ని కవర్ అంటారు. ఉప్పు లోపలికి చేరాలంటే దాటాల్సిన గోడ ఇదే. మోడరేట్ రకానికి 30 మిల్లీమీటర్లు, సివియర్‌కి 45, వెరీ సివియర్‌కి 50 ఉండాలని ఐఎస్ 456 చెబుతోంది. పిల్లర్లకి సాధారణంగా 40, పునాదులకి 50కి తగ్గకూడదు.

సైట్‌లో చూస్తే చాలాచోట్ల అన్నిటికీ 20 మిల్లీమీటర్ల బిళ్లలే పెడతారు. కొన్నిచోట్ల కంకర రాయి, పగిలిన టైల్ ముక్క కూడా పెట్టేస్తారు. కాంక్రీట్ పోసేటప్పుడు జనం తొక్కుతుంటే అవి పక్కకి జరిగిపోతాయి, ఇనుము సెంట్రింగ్ రేకు మీద పడుతుంది. కింద నుంచి చూస్తే కొన్నాళ్లకి ఆ ఊచల గీతలే సీలింగ్ మీద కనిపిస్తాయి. కాబట్టి ఎక్కడ ఎంత కవర్ అన్నది డ్రాయింగ్‌లో ఉండాలి. ఆ సైజు బిళ్లలు కట్టాకే, ఇంజినీర్ వచ్చి చూశాకే కాంక్రీట్ పోయాలన్నది అగ్రిమెంట్‌లో ఉండాలి.

క్యూబులు ఎవరు పోయాలి? ఎన్ని పోయాలి?

150 మిల్లీమీటర్ల ఇనుప డబ్బాల్లో కాంక్రీట్ నింపి, నీళ్లలో ఉంచి, 28 రోజులకి ల్యాబ్‌లో నలగ్గొట్టి చూడటమే క్యూబ్ టెస్ట్. ఎన్ని తీయాలో కూడా లెక్క ఉంది. రోజులో పోసే కాంక్రీట్ 5 ఘనపు మీటర్ల లోపైతే ఒక శాంపిల్, 15 దాకా అయితే రెండు, 30 దాకా మూడు, 50 దాకా నాలుగు. ఆపైన ప్రతి 50కి ఇంకొకటి. ఒక్కో శాంపిల్‌కి మూడు క్యూబులు. పైన చెప్పిన స్లాబ్‌కి మూడు శాంపిళ్లు, అంటే 9 క్యూబులు. ముందుగానే అంచనా కోసం 7 రోజులకీ చూడాలంటే ఇంకొన్ని పోయాలి.

శాంపిల్ ఎక్కడ తీశారన్నది ముఖ్యం. ప్లాంట్‌లో తీసిన క్యూబ్ బాగానే ఉంటుంది. దారిలో, సైట్‌లో నీళ్లు కలిపితే ఆ క్యూబ్‌కి తెలియదు కదా! అందుకే సైట్‌లో దించేటప్పుడే, మీ మనిషి ఎదురుగా తీయాలి. మీద తేదీ, స్లాబ్ నంబరు రాయాలి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి.

క్యూబ్ ఫెయిలైతే వెంటనే కూల్చేయాలా? అవసరం లేదు. స్లాబ్ లోంచి గుండ్రంగా కోర్ కోసి పరీక్షిస్తారు. కోర్‌ల సగటు బలం ఆ గ్రేడ్‌కి ఉండాల్సిన క్యూబ్ బలంలో కనీసం 85 శాతం ఉండి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే ఒప్పుకోవచ్చు. ఆ కోర్ టెస్ట్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, అదీ ఫెయిలైతే ఎవరు సరిచేయాలి అన్నది మాత్రం ముందే రాసుకోవాల్సిన మాట.

పోసేశాక పని అయిపోలేదు

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంట్, స్లాగ్ కలిసిన పీఎస్‌సీ సిమెంట్. తీర ప్రాంతానికి ఇవి మంచివే, క్లోరైడ్ లోపలికి వెళ్లడాన్ని ఇవి నెమ్మదింపజేస్తాయి. కానీ వీటికి బలం మెల్లగా వస్తుంది. అందుకే కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి, 14 రోజులైతే మంచిదని ఐఎస్ 456 చెబుతోంది. స్లాబ్ మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెడతారు సరే, పిల్లర్లని ఎవరూ పట్టించుకోరు. వాటికి గోనె పట్టాలు చుట్టి తడుపుతూ ఉండాలి. అది కూడా ఉప్పు లేని నీళ్లతోనే.

సెంట్రింగ్ తీయడంలో తొందర ఇంకా ప్రమాదం. మామూలు సిమెంట్ అయితే 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు ఉంచాలి. 6 మీటర్ల లోపు బీములకి 14 రోజులు, మించితే 21 రోజులు. పీపీసీ, పీఎస్‌సీ అయితే ఇంకొంచెం ఆగాల్సి రావచ్చు, ఇంజినీర్‌ని అడిగే తీయాలి. పై అంతస్తు స్లాబ్ బరువు కింది అంతస్తు మీదే పడుతుందని మర్చిపోకూడదు. సెంట్రింగ్ సామాను అద్దెకి తెచ్చినది, ఇంకో సైట్‌కి పంపాలి అన్న తొందరలో పోట్లు లాగేస్తే ముందు ప్రమాదం కింద పని చేసేవాళ్లకే.

మౌలివాక్కం మర్చిపోవద్దు

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల అపార్ట్‌మెంట్ కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టకూటి కోసం వెళ్లిన కూలీలు. దానిపై జస్టిస్ రఘుపతి కమిషన్ విచారణ జరిపింది. పక్కనే ఉన్న రెండో టవర్ కూడా పనికిరాదని 2016 నవంబర్‌లో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ఆ సైట్‌లో నేల బలం, పిల్లర్ల డిజైన్ దగ్గరే ప్రశ్నలు లేచాయి.

2025 మార్చి 26న గోదావరి ఒడ్డునే ఉన్న భద్రాచలంలోనూ కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కట్టేవాళ్ల ప్రాణం, కొనేవాళ్ల డబ్బు.. రెండూ ఒకే పిల్లర్ మీద ఉంటాయి.

కోనసీమలో నేల మెత్తన. అందుకే సాయిల్ టెస్ట్ లేకుండా పునాది ఖాయం చేయకూడదు. పక్క సైట్ రిపోర్ట్ జిరాక్స్ తీసుకొచ్చి పెట్టడం సాయిల్ టెస్ట్ కాదు. ఆ రిపోర్ట్‌లో నేల బలంతో పాటు మట్టిలో, భూగర్భ జలంలో క్లోరైడ్, సల్ఫేట్ ఎంతున్నాయో కూడా ఉండాలి. పైల్ పునాదా, రాఫ్టా అన్నది, పునాది కాంక్రీట్ గ్రేడ్ ఎంత అన్నది దాన్ని బట్టే తేలుతుంది. గుంటలో ఊరిన నీళ్లని తోడకుండా అందులోనే కాంక్రీట్ పోయడం మాత్రం ఒప్పుకోవద్దు.

తేడా వస్తే ఎవరిది బాధ్యత?

ఇక్కడ కాంక్రీట్ పని సాధారణంగా మూడు రకాలుగా ఇస్తారు. ఒకటి, లేబర్ కాంట్రాక్ట్. సామాను ఓనర్‌ది, పని మేస్త్రీది. రెండు, మెటీరియల్‌తో కలిపి అంతా కాంట్రాక్టర్‌దే. మూడు, కాంక్రీట్ రెడీమిక్స్ వాళ్లది, పరచడం స్లాబ్ బ్యాచ్‌ది.

మొదటి, మూడో రకాల్లో చిక్కు ఉంది. రేపు పగులు వస్తే మేస్త్రీ "సామాను బాలేదండి" అంటాడు. రెడీమిక్స్ వాళ్లు "మీవాళ్లే నీళ్లు కలిపారు" అంటారు. ఇంజినీర్ "నన్ను పిలవలేదు" అంటాడు. చివరికి నష్టం ఓనర్‌కి, ఫ్లాట్ కొన్నవాళ్లకి. అందుకే ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద ఉండాలి.

ఈ పాయింట్లు అగ్రిమెంట్‌లో రాయించుకోండి:

- ఏ భాగానికి ఏ గ్రేడ్, ఎంత కవర్. డ్రాయింగ్ కాపీ జత చేయాలి.
- మిక్స్ డిజైన్ రిపోర్ట్ వచ్చాకే మొదటి కాంక్రీట్.
- ఏ నీళ్లు వాడతారు, వాటి టెస్ట్ రిపోర్ట్, ట్యాంకర్ ఖర్చు ఎవరిది.
- సైట్‌లో, ఓనర్ మనిషి ఎదురుగానే క్యూబులు తీయాలి. ఎన్నో కూడా రాయాలి.
- ఇనుము కట్టడం ఇంజినీర్ చూసి సంతకం చేశాకే కాంక్రీట్.
- ఎన్ని రోజులు తడపాలి, పోట్లు ఎప్పుడు తీయాలి, ఎవరిని అడిగి తీయాలి.
- ప్రతి స్లాబ్ బిల్లులో కొంత ఆపి, 28 రోజుల క్యూబ్ రిజల్ట్ వచ్చాక ఇవ్వాలి.
- టెస్ట్ ఫెయిలైతే కోర్ తీయడం, సరిచేయడం ఎవరి ఖర్చు.

ఫ్లాట్ కొనేవాళ్లు ఏం అడగాలి?

కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన డబ్బుతో ఊళ్లో ఫ్లాట్ కొంటున్న కుటుంబాలు కోనసీమలో చాలా ఉన్నాయి. టైల్స్, మాడ్యులర్ కిచెన్, లిఫ్ట్ చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఒక్క నిమిషం ఆగి ఇవి అడగండి. సాయిల్ టెస్ట్ రిపోర్ట్ ఉందా? స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉన్న డ్రాయింగ్ ఉందా? స్లాబ్‌ల వారీగా క్యూబ్ రిపోర్ట్‌లు చూపిస్తారా?

2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలి. లేదంటే పరిహారం అడగొచ్చు. అయితే ఒక మెలిక ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండుంపావు సెంట్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిన్న ఊళ్లలో కట్టే అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ సైజులోనివే. మీరు చూస్తున్న ప్రాజెక్టుకి రెరా నంబరు ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మీ సేల్ అగ్రిమెంట్‌లోనే ఈ 5 ఏళ్ల హామీ రాయించుకోండి.

ఉప్పు వల్ల వచ్చే తుప్పు చాలాసార్లు ఆ ఐదేళ్లు దాటాకే బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టర్ ఎక్కడున్నాడో తెలియదు. హోమ్ లోన్ ఈఎంఐలు మాత్రం ఇంకా కడుతూనే ఉంటారు. అందుకే అడుగుకి పది రూపాయలు తగ్గించమని బేరమాడే ముందు, ఆ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపండి. మీ బిల్డింగ్‌కి చేయించే మొదటి టెస్ట్ అదే కావాలి.